దీపంలో నూనె పైన, నీళ్లు కింద: కాంతి వేగమూ దృక్ సాంద్రతా

గాజు గ్లాసులో ముప్పాతిక వరకు నీళ్లు పోసి, ఆ నీళ్ల మీద రెండు వేళ్ల మందాన కొబ్బరినూనె పోసి, తేలే వత్తిని వెలిగించి దేవుడి ముందు ఉంచడం గోదావరి డెల్టాలో కొత్త కాదు. ఆ దీపాన్ని పక్కనుంచి చూస్తే మూడు పదార్థాలు ఒకేచోట కనిపిస్తాయి: అడుగున నీరు, పైన నూనె, చుట్టూ గాజు. బరువు లెక్కన ఈ మూడింటిలో నూనె తేలిక, నీరు మధ్యస్థం, గాజు బరువు. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగితే, అంతే పరిమాణం గల కొబ్బరినూనె సుమారు 0.92 గ్రాములు, మామూలు గాజు రెండున్నర గ్రాములు తూగుతాయి. కాంతి లెక్కలో ఈ వరుస చెదిరిపోతుంది. మూడింటిలోనూ కాంతి ఎక్కువ వేగంతో సాగేది నీటిలో. నూనెలో అంతకంటే నెమ్మది. గాజులో మరింత నెమ్మది. నీటి మీద తేలేంత తేలికైన నూనె, కాంతి విషయానికి వచ్చేసరికి నీటికంటే సాంద్రమైన యానకంగా (కాంతి సాగే పదార్థాన్ని యానకం అంటారు) లెక్కకు వస్తుంది. ఒకప్పుడు పడవల్లో లాంతర్లకు వాడిన కిరోసిన్ దీనికి ఇంకా గట్టి ఉదాహరణ: దాని సాంద్రత నీటిలో ఐదింట నాలుగు వంతులే అయినా, అందులో కాంతి నీటిలో కంటే సెకనుకు సుమారు 17 వేల కిలోమీటర్లు తక్కువ వేగంతో పోతుంది.

ఈ తికమకకు మూలం పదార్థాల్లో కంటే ముందు మాటలో ఉంది. సాంద్రత అనగానే తెలుగు పాఠకుడికి తోచేది బరువు, లేదా చిక్కదనం. చిక్కటి పాలు, చిక్కటి బెల్లం పాకం, చిక్కటి చీకటి అని ఒకే విశేషణాన్ని మూడు వేర్వేరు గుణాలకు వాడుకునే భాష మనది. అది భాషకు అందమే కానీ భౌతికశాస్త్ర పాఠానికి ఇబ్బంది. పాకం చిక్కదనం అంటే జారుడు తగ్గడం, పాల చిక్కదనం అంటే వెన్న ఎక్కువ ఉండడం, చీకటి చిక్కదనం అంటే వెలుతురు లేకపోవడం. దృక్ సాంద్రత అనే గుణం ఈ మూడింటిలో ఏదీ కాదు. ఒక యానకంలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో తెలిపే కొలతకే ఆ పేరు పెట్టారు. శూన్యంలో కాంతి వేగాన్ని ఆ యానకంలోని కాంతి వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య వక్రీభవన గుణకం. ఆ సంఖ్య ఎక్కువైతే దృక్ సాంద్రత ఎక్కువ అంటారు, తక్కువైతే తక్కువ అంటారు. అందువల్ల ‘దృక్ సాంద్రత ఎక్కువ కనుక కాంతి నెమ్మదిస్తుంది’ అని గైడ్లలో కనిపించే వాక్యం తప్పు కాకపోయినా, అది దేనికీ కారణం చెప్పదు. పొడుగ్గా ఉన్నాడు కనుక ఎత్తుగా ఉన్నాడు అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అసలు కారణం ఏమిటన్నది వేరే ప్రశ్న.

ముందుగా సంఖ్యలు. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. 1983 నుంచి ఇది కొలిచి సవరించే విలువ కాదు. మీటరునే ఈ వేగాన్ని ఆధారంగా చేసుకుని నిర్వచించారు. నీటి వక్రీభవన గుణకం 1.33 కనుక నీటిలో కాంతి సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు పోతుంది. కిరోసిన్ గుణకం 1.44, కొబ్బరినూనెది 1.45, కిటికీ గాజుది సుమారు 1.52, వజ్రానిది 2.42, ఆ వరుసలోనే వేగాలు 2,08,000, 2,07,000, 1,97,000, 1,24,000 కిలోమీటర్లకు దిగుతాయి. ఇంత పెద్ద సంఖ్యలు మనసుకు పట్టవు. సెకనులో వందకోట్లో వంతు తీసుకుంటే పాత కొలతలే పనికొస్తాయి: ఆ వ్యవధిలో శూన్యంలో కాంతి సాగే దూరం దాదాపు ఒక అడుగు, నీటిలో ఒక జేన.

మరో అపోహను ఇక్కడే తీసి పక్కన పెట్టవచ్చు. వర్షాకాలంలో పైనుంచి ఎర్రనీరు దిగినప్పుడు ధవళేశ్వరం దగ్గర గోదావరిలో జానెడు లోతున ముంచిన చేయి కూడా కనిపించదు. వేసవిలో తేటపడిన నీటితో పోలిస్తే ఈ నీరు కాంతికి ఎంతో అడ్డు. అయినా వక్రీభవన గుణకం దృష్ట్యా రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మట్టి రేణువులు కాంతిని దారి తప్పించి నలువైపులకూ చెదరగొడతాయి, కొంత మింగేస్తాయి. రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న నీటిలో మాత్రం కాంతి ఎప్పటి వేగంతోనే పోతుంది. ప్రయోగశాలల్లో ఒక ద్రావణం ఎంత కాంతిని ఆపుతుందో తెలిపే కొలతను కూడా ‘ఆప్టికల్ డెన్సిటీ’ అనే వ్యవహరించడం వల్ల గందరగోళం రెట్టింపైంది. మసకదనం వేరు, మందగమనం వేరు. వజ్రం నిర్మలంగా ఉంటూనే కాంతిని సగానికంటే తక్కువ వేగానికి దించుతుంది.

వేగం తగ్గితే కాంతి ఎందుకు వంగాలి అన్నది రేవులో నిలబడిన ఎవరికైనా తోచే ప్రశ్న. పడవవాడు నీటిలో దించిన గెడ నీటిమట్టం దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. నాలుగడుగుల లోతున్న నీటి అడుగు నిట్టనిలువుగా చూస్తే మూడడుగుల్లోనే ఉన్నట్టు తోస్తుంది, కాబట్టే రేవు మెట్లు కొత్తవారిని మోసం చేస్తాయి. దమ్ము చేసిన మడిని చదును చేయడానికి ఎడ్లతో లాగించే చెక్క ఏటవాలుగా లోతైన బురదలోకి దిగుతుందనుకుందాం. ముందుగా బురద తాకిన కొస వెనకబడుతుంది, ఇంకా గట్టినేల మీద ఉన్న కొస అదే వేగంతో వస్తుంది. చెక్క మొత్తం బురదవైపు తిరుగుతుంది. చెక్క తిన్నగా దిగితే రెండు కొసలూ ఒకేసారి నెమ్మదిస్తాయి కనుక దిక్కు మారదు. కాంతి తరంగపు అంచు కూడా గాలి నుంచి నీటిలోకి ఏటవాలుగా వచ్చినప్పుడు ఇలాగే లంబం (నీటిమట్టానికి నిట్టనిలువుగా గీసిన గీత) వైపుకు తిరుగుతుంది. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే బురద చెక్కను రాపిడితో ఆపుతుంది. నీరు కాంతిని రాపిడితో ఆపదు.

ఎంత వంగుతుందో లెక్క చెప్పే సూత్రం వంగడానికి కారణం తెలియకముందే దొరికింది. బాగ్దాద్ పండితుడు ఇబ్న్ సహ్ల్ 984 ప్రాంతంలోనే దానిని వాడాడు. ఐరోపాలో డచ్చి గణితజ్ఞుడు స్నెల్ 1621లో కనుగొన్నాడు, దెకార్త్ 1637లో అచ్చువేశాడు. కాంతి వచ్చే కోణానికీ (పతన కోణం) వంగాక వెళ్లే కోణానికీ (వక్రీభవన కోణం) ఉన్న సంబంధాన్ని ఈ సూత్రం సరిగ్గా చెబుతుంది కానీ, కాంతి నీటిలో వేగం పెంచుకుంటుందా తగ్గించుకుంటుందా అన్నది దాని నుంచి తేలదు. ఇక్కడే రెండు శతాబ్దాల వివాదం నడిచింది. కాంతి అంటే చిన్న కణాల ప్రవాహమని నమ్మిన న్యూటన్ వివరణలో, నీరు ఆ కణాలను తనవైపు లాక్కుంటుంది; అందుకే అవి లంబం వైపుకు మళ్లుతాయి, లాగబడినందువల్ల వేగం పెరుగుతుంది. తరంగవాది హైగెన్స్ 1690లో ప్రచురించిన గ్రంథం ప్రకారం వేగం తగ్గితేనే తరంగం అటు మళ్లుతుంది. అంతకుముందే, 1662లో, ఫెర్మా మరో దారిన అదే మాట చెప్పాడు: రెండు బిందువుల మధ్య కాంతి తక్కువ కాలం పట్టే దారినే ఎంచుకుంటుందని అనుకుంటే, సాంద్రతర యానకంలో వేగం తగ్గినప్పుడే స్నెల్ సూత్రం వస్తుంది. రెండు పక్షాలూ ఒకే కోణాన్ని చెప్పి, ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన వేగాలను చెప్పాయి. కోణాలు కొలిచినంత కాలం తగువు తీరే అవకాశమే లేదు. వేగాన్నే పోల్చి చూడాలి.

ఆ పోలిక 1850లో పారిస్‌లో జరిగింది. వేగంగా తిరిగే అద్దం నుంచి ఒక కాంతిని గాలిలోనూ, మరొకదానిని నీళ్లు నింపిన గొట్టంలోనూ పంపి వెనక్కి రప్పించి, తిరిగివచ్చేలోగా అద్దం ఎంత తిరిగిందో చూసి, నీటి గుండా వచ్చిన కాంతే ఆలస్యమైందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో తేల్చాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పని సగంలో ఉన్న రోజులవి. డెల్టాకు నీరు ఎలా పారాలో కాటన్ నిర్ణయిస్తున్న కాలంలోనే నీటిలో కాంతి ఎలా పారుతుందో తేలిందన్న మాట. ఫూకో ప్రయోగం కచ్చితమైన వేగాన్ని ఇవ్వలేదు, ఏది ఎక్కువో ఏది తక్కువో మాత్రం చెప్పింది. తగువు తీరడానికి అదే చాలింది.

ఇక అసలు కారణం. కాంతి విద్యుదయస్కాంత తరంగం. అది నీటిలోకి ప్రవేశించగానే దాని విద్యుత్ క్షేత్రం అణువుల్లోని ఎలక్ట్రాన్లను తన తాళానికి ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాను ప్రతి ఒక్కటీ తానూ ఒక చిన్న తరంగాన్ని వెలువరిస్తుంది. దాని పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని ఊపులన్నది) వచ్చిన కాంతిదే, కానీ అది ఒక అర క్షణం వెనకబడి ఉంటుంది. (అర క్షణం అన్నది మాటవరసకే; నిజానికి కాంతి ఒక్క ఊపుకు పట్టే కాలంలో చిన్న భాగం.) వచ్చిన తరంగమూ, లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు వెలువరించిన తరంగాలూ కలిసి ఏర్పడే మొత్తం తరంగపు శిఖరాలు, అణువులే లేకపోతే ఉండవలసిన చోటికంటే వెనక ఉంటాయి. మందం పెరిగేకొద్దీ ఈ వెనకబాటు పెరుగుతూ పోతుంది, దానినే మనం వేగం తగ్గడంగా చూస్తాం. జాతరలో జనాన్ని తప్పించుకుంటూ నడిచే మనిషిలా కాంతి అణువులకు తగులుతూ వంకరటింకరగా పోతుందని కొన్నిచోట్ల రాస్తారు. అదే నిజమైతే రేవులో పడిన వెన్నెల గీత గీతగా ఉండేది కాదు, అన్నివైపులకూ చెదిరిపోయేది. ప్రతి అణువూ కాంతిని మింగి, కాసేపు ఆగి, తిరిగి ఉమ్ముతుందన్న వివరణకూ ఇదే చిక్కు.

ఈ చిత్రం అర్థమైతే చిన్న సందేహాలు రెండు వాటంతటవే తీరతాయి. గ్లాసు దాటి గాలిలోకి రాగానే కాంతి మళ్లీ పాత వేగం అందుకుంటుంది. దానిని ఎవరూ తోయనక్కర లేదు, ఎందుకంటే ఎలక్ట్రాన్ల తరంగాలు కలవడం ఆగిపోయింది, అంతే. ఎలక్ట్రాన్లు వచ్చిన తాళానికే ఊగుతాయి కనుక పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యం (శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం) మాత్రం కుదించుకుపోతుంది: సోడియం దీపపు పసుపు కాంతి తరంగదైర్ఘ్యం గాలిలో 589 నానోమీటర్లయితే నీటిలో సుమారు 442. అంత తగ్గినా ఆ కాంతి నీటిలో నీలంగా మారిపోదు, పసుపుగానే ఉంటుంది.

అయితే నూనె నీటిని ఎలా మించింది? ఎలక్ట్రాన్ల సంఖ్య వల్ల కాదు. ఒకే పరిమాణంలో నీటిలో 100 ఎలక్ట్రాన్లు ఉంటే, కొబ్బరినూనెలో దాదాపు 92, కిరోసిన్‌లో దాదాపు 82 మాత్రమే ఉంటాయి. తేడా పట్టులో ఉంది. నీటి అణువులో ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుని ఉంటుంది. కాంతి ఎంత ఊపినా అవి కొంచెమే కదులుతాయి. నూనెల్లో, కిరోసిన్‌లో ఉండే కార్బన్-కార్బన్, కార్బన్-హైడ్రోజన్ బంధాల ఎలక్ట్రాన్లు అంతకంటే సులువుగా ఊగుతాయి. తక్కువమందే అయినా ఒక్కొక్కరూ ఎక్కువ కదిలితే మొత్తం ప్రభావం పెరుగుతుంది. వజ్రంలో ఈ రెండూ కలిసివచ్చాయి: ఒకే పరిమాణంలో నీటికంటే మూడు రెట్లకు పైగా ఎలక్ట్రాన్లు, అన్నీ కార్బన్ బంధాల్లోనివి. కాబట్టి దృక్ సాంద్రతను నిర్ణయించేది పదార్థంలో ఎంత సరుకు ఉంది అన్నది ఒక్కటే కాదు. ఆ సరుకు కాంతికి ఎంత లొంగుతుంది అన్నది కూడా. వక్రీభవన గుణకానికీ, అణువుల సంఖ్యకూ, అణువు లొంగుబాటుకూ గణిత సంబంధాన్ని డెన్మార్కుకు చెందిన లోరెంజ్, హాలెండుకు చెందిన లోరెంట్జ్ పంతొమ్మిదో శతాబ్ది రెండో భాగంలో విడివిడిగా రాబట్టారు. పేర్లు ఇంత దగ్గరగా ఉండడం భౌతికశాస్త్ర చరిత్ర విద్యార్థులను ఆటపట్టించడానికే అన్నట్టుంటుంది.

ఇంత చెప్పాక బరువుకూ దృక్ సాంద్రతకూ సంబంధమే లేదని తీర్మానిస్తే అది మరో పొరపాటు. రెండు వేర్వేరు పదార్థాలను పోల్చినప్పుడు బరువు నమ్మదగిన గుర్తు కాదు. ఒకే పదార్థంలో మార్పులను పోల్చినప్పుడు మాత్రం నమ్మదగినదే, ఎందుకంటే అణువుల రకం మారలేదు, సంఖ్య ఒక్కటే మారింది. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుంది, గుణకం 1.33 నుంచి 1.31కి దిగుతుంది. నీటిని వేడిచేసినా కొద్దిగా దిగుతుంది. గాలి విషయంలో ఈ మార్పు అతి స్వల్పం, కానీ డెల్టాలో అందరికీ కనిపించే వింతలు కొన్ని ఆ స్వల్పంలోనే ఉన్నాయి.

ఎండాకాలం మధ్యాహ్నం అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ జాతీయ రహదారిపై దూరాన నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది. తారు దగ్గర గాలి 50 డిగ్రీలకు వేడెక్కి, పైన 30 డిగ్రీల వద్ద ఉందనుకుంటే, రెండు పొరల వక్రీభవన గుణకాల తేడా లక్షలో ఒకటిన్నర వంతు మాత్రమే. అయినా కాంతి వేగం అంత పెద్దది కనుక, ఆ తేడాతోనే కింది పొరలో కాంతి సెకనుకు దాదాపు ఐదు కిలోమీటర్లు ఎక్కువ పోతుంది. దీనివల్ల రోడ్డుకు డిగ్రీలో మూడో వంతుకంటే తక్కువ కోణంలో, అంటే దాదాపు ఆనుకుని వచ్చే ఆకాశపు కాంతి కిందకు తగలకుండానే పైకి తిరిగి కంటికి చేరుతుంది. కన్ను ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే ఆ కోణం 260 మీటర్ల దూరంలోని రోడ్డుకు సరిపోతుంది. ఎండమావి ఎప్పుడూ కొన్ని వందల మీటర్ల దూరాన్నే ఉండి, దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక్కి జరగడానికి ఈ లెక్కే కారణం. అక్కడ కనిపించేది నీరు కాదు, ఆకాశమే.

అంతర్వేది తీరాన సూర్యోదయం చూసేవారికి గాలి ఇంకో రకంగా మాయ చూపుతుంది. నేలకు దగ్గర ఉన్న గాలి చిక్కన, పైకి పోయేకొద్దీ పలచన. కనుక ఏటవాలుగా వచ్చే కిరణం క్రమంగా కిందికి వంగుతూ వస్తుంది. క్షితిజం దగ్గర ఈ వంపు డిగ్రీలో సగానికంటే కాస్త ఎక్కువ. సూర్యబింబపు వెడల్పు కూడా డిగ్రీలో సగమే. కనుక సముద్రపు అంచున బింబం అప్పుడే పూర్తిగా బయటపడినట్టు కనిపించిన క్షణాన, జ్యామితి ప్రకారం సూర్యుడు ఇంకా క్షితిజం కిందే ఉంటాడు. మన అక్షాంశంలో ఈ మాయ ఉదయాన్ని రెండు నిమిషాలకు పైగా ముందుకు తెస్తుంది, సాయంత్రాన్ని అంతే వెనక్కి నెడుతుంది.

వక్రీభవన గుణకం డెల్టాలో పాఠ్యపుస్తకానికే పరిమితమైన సంఖ్య కాదు. రొయ్యల చెరువుల గట్లపై తిరిగేవారి జేబుల్లో చిన్న గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. దాని పట్టకంపై ఒక చుక్క చెరువు నీరు వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు భాగాల మధ్య ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె వద్ద ఉంటే అన్ని పీపీటీల (పీపీటీ అంటే వెయ్యి పాళ్లలో ఒక పాలు) ఉప్పు. ఈ పరికరం ఉప్పును తాకదు, తూచదు. ఆ చుక్కలో కాంతి ఎంత నెమ్మదించిందో, అంటే పట్టకం నుంచి చుక్కలోకి కిరణం దాటగల హద్దు కోణం (సందిగ్ధ కోణం) ఎక్కడుందో చూపుతుంది, అంతే. మంచినీటి గుణకం 1.3330, వెయ్యికి 35 పాళ్ల ఉప్పున్న సముద్రపు నీటిది సుమారు 1.3394. మొత్తం 35 పీపీటీల తేడా దశాంశం తరువాత మూడో అంకెలోనే ముగిసిపోతుంది. ఒక్క పీపీటీకి వచ్చే మార్పు పదివేలలో రెండు వంతులకు మించదు.

ఇంత సున్నితమైన కొలతకు వేడి పెద్ద శత్రువు. డెల్టా ఎండల్లో నీటి గుణకం ఒక్కో డిగ్రీకి పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. అంటే రెండు డిగ్రీల వేడి ఒక పీపీటీ ఉప్పును చెరిపేస్తుంది. 20 డిగ్రీల వద్ద సరిచేసిన మామూలు పరికరాన్ని 32 డిగ్రీల మధ్యాహ్నం వాడితే తప్పు ఆరేడు పీపీటీల దాకా పోవచ్చు, ఉప్పు తక్కువగా ఉన్న చెరువులో అది పెద్ద తప్పే. ఉష్ణోగ్రతను తనంతట తానే సవరించుకునే పరికరాలు అందుకే వచ్చాయి. అవి ఉన్నా, స్వేదనజలం చుక్కతో సున్నా చూసుకోవడం మానకూడదు. ఇంకొక పరిమితి ఉంది, అది సవరణకు లొంగదు. కాంతిని నెమ్మదింపజేసిన కణం సోడియానిదా, పొటాషియానిదా, కాల్షియానిదా అన్నది ఈ గీత చెప్పదు. సముద్రపు పోటు నీరు పట్టిన చెరువూ, భీమవరం వైపు బోరు నీటితో నింపిన చెరువూ ఒకే అయిదు పీపీటీ చూపించవచ్చు. రొయ్యకు కావలసిన ఖనిజాల పాళ్లు రెండింటిలో వేరుగా ఉండవచ్చు. అంకె సమానమైనంత మాత్రాన నీరు సమానం కాదు.

చెరకు రసంలో తీపి చూసే బ్రిక్స్ మీటరు కూడా ఇదే పరికరం, అంకెల పట్టీ ఒక్కటే వేరు. నూటికి 20 పాళ్ల పంచదార ఉన్న ద్రావణం గుణకం 1.364. అందుకే సముద్రపు నీటి చుక్కను బ్రిక్స్ మీటరుపై వేస్తే అది నిస్సంకోచంగా నాలుగు డిగ్రీలకు పైగా తీపి చూపిస్తుంది.

నూనెల పరీక్షలో ఈ సంఖ్యకు మరింత అర్థం ఉంది. 40 డిగ్రీల వద్ద కొబ్బరినూనె గుణకం 1.4481 నుంచి 1.4491 మధ్య ఉండాలని మన ఆహార ప్రమాణాలు చెబుతాయి. వేరుశనగ నూనెకు 1.4620 నుంచి 1.4640, నువ్వుల నూనెకు 1.4646 నుంచి 1.4665. వరుస యాదృచ్ఛికం కాదు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి, దాదాపు అన్నీ సంతృప్తమైనవి. వేరుశనగ, నువ్వుల నూనెల్లో గొలుసులు పొడుగు, వాటిలో ద్విబంధాలు ఎక్కువ; ద్విబంధంలోని ఎలక్ట్రాన్లు ఇంకా సులువుగా ఊగుతాయి కనుక కాంతి ఇంకాస్త నెమ్మదిస్తుంది. కొబ్బరినూనెలో చవకైన పామోలిన్ కలిపితే గుణకం పైకి జరిగి దొంగతనం బయటపడుతుంది. కానీ పామ్ గింజల నుంచి తీసిన నూనె కొబ్బరినూనెకు రసాయనికంగా దగ్గరి చుట్టం. దాని గుణకమూ దగ్గరే. ఆ కల్తీని ఈ ఒక్క సంఖ్యతో పట్టుకోగలమని ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు.

ఇప్పటివరకు ప్రతి పదార్థానికీ ఒక గుణకం ఉన్నట్టు మాట్లాడాము. అదీ పూర్తి నిజం కాదు. ఎలక్ట్రాన్లు ఎంత ఊగుతాయన్నది ఊపే తాళం మీద కూడా ఆధారపడుతుంది. నీటి గుణకం ఎరుపుకు 1.331, ఊదాకు 1.343, ఒకే వానచినుకులో ఎరుపు కాంతి ఊదా కంటే సెకనుకు సుమారు 2,000 కిలోమీటర్లు వేగంగా పోతుంది కనుకనే కోతకొచ్చిన చేలమీద సాయంత్రం ఇంద్రధనుస్సు విచ్చుకుంటుంది. కంటికి కనిపించే కాంతిని వదిలి రేడియో తరంగాలకు వెళితే నీరు వేరే పదార్థమైపోతుంది. అంత నెమ్మదైన ఊపులకు ఎలక్ట్రాన్లే కాదు, నీటి అణువులు మొత్తంగా అటూ ఇటూ తిరుగుతాయి. గుణకం దాదాపు 9కి చేరుతుంది. కాంతికి వజ్రం కంటే ఎంతో పలచనైన నీరు, రేడియో తరంగాలకు వజ్రం కంటే ఎన్నో రెట్లు సాంద్రం. పదార్థం పేరు చెప్పి, ఏ తరంగానికో చెప్పకుండా దృక్ సాంద్రత అడిగితే ఆ ప్రశ్న సగం ప్రశ్నే.

రంగును బట్టి వేగం మారడంలో మరో మెలిక ఉంది. అమెరికా శాస్త్రవేత్త మైకెల్సన్ 1880లలో కార్బన్ డైసల్ఫైడ్ ద్రవంలో కాంతి వేగాన్ని నేరుగా కొలిచినప్పుడు, అది గాలిలోని వేగాన్ని 1.76తో భాగించినంత వచ్చింది. ఆ ద్రవం వక్రీభవన గుణకం 1.63 ప్రాంతం. కొలతలో లోపం లేదు. వంపును నిర్ణయించేది ఒకే రంగు తరంగంలో శిఖరం జరిగే వేగం. గడియారంతో కొలిచేది అనేక రంగుల తరంగాలు కలిసిన గుంపు, అంటే ఒక మెరుపు, చేరే వేగం. రంగులన్నీ ఒకే వేగంతో పోతే ఈ రెండూ ఒకటే. లేకపోతే మెరుపు సాధారణంగా శిఖరాల కంటే వెనకబడుతుంది. నీటిలో ఈ తేడా స్వల్పం: పసుపు కాంతికి గుణకం 1.333 అయితే, మెరుపు రాకను బట్టి లెక్కించేది సుమారు 1.35. ఫూకో పోలికను అది చెడగొట్టలేదు. కాబట్టి వక్రీభవన గుణకం ఇచ్చేది శిఖరాల వేగమే, కాంతి మోసే వార్త వేగం కాదు.

ఈ రెండు వేగాల మధ్య దూరాన్ని ఎంత దాకా లాగవచ్చో 1999లో డెన్మార్కుకు చెందిన శాస్త్రవేత్త లీన్ హౌ బృందం చూపింది. సోడియం వాయువును పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి సమీపానికి చల్లబరచి, మరో లేసరుతో దాని ఎలక్ట్రాన్ల స్పందనను సవరించి, అందులో పంపిన కాంతి మెరుపును సెకనుకు 17 మీటర్ల వేగానికి దించారు. గంటకు సుమారు 60 కిలోమీటర్లు; నరసాపురం వైపు పోయే పాసింజరు రైలు ఆ మెరుపుకు జోడీగా పరిగెత్తగలదు. ఆ వాయువు మనం పీల్చే గాలికంటే లక్ష రెట్లకు పైగా పలచన, దాని వక్రీభవన గుణకం మాత్రం ఒకటికి ఇంచుమించు సమానం.